గాలి మంచిచెడ్డలు తెలుపు లైకెన్లు

మన వంటిండ్లలో మసాలాకు వాడు రాతిపువ్వు నిజమునకు పువ్వు కాదు. అది లైకెన్ అను జీవి. రాళ్ళమీదను, చెట్ల బెరడులమీదను బూడిదరంగు, పసుపురంగు పొలుసులవలె కనబడునవియు అనేకము లైకెన్లే.

లైకెన్ ఒంటరి జీవి కాదు. శిలీంధ్రము, శైవలము కలిసి చేయు కాపురమది. శైవలము సూర్యకాంతితో ఆహారమును తయారుచేయును. శిలీంధ్రము దానికి నెలవు కల్పించి తడిని నిలుపును. ఎండినచో లైకెన్ నెలల తరబడి నిద్రాణమై యుండి, చినుకు పడగానే మేల్కొనును. 2005లో శాస్త్రజ్ఞులు కొన్ని లైకెన్లను ఉపగ్రహముపై నుంచి, రెండు వారములు అంతరిక్షమున త్రిప్పి తెచ్చిరి. అవి బ్రతికియే యుండెను!

ఇంతటి మొండిజీవి పట్టణపు పొగకు ఓడిపోవుచున్నది. కారణమేమి? లైకెన్‌కు వేళ్ళు లేవు; ఆకులపై నుండునట్టి మైనపు పొరయు లేదు. నీటిని, లవణములను వాననుండి, మంచునుండి, గాలినుండి దేహమంతటితోను పీల్చుకొనును. మంచితోపాటు విషమును లోనికి పోవును. బొగ్గును కాల్చినపుడు వెలువడు సల్ఫర్ డయాక్సైడ్ తడిలో కరిగి ఆమ్లమై, శైవలములోని పత్రహరితమును పాడుచేయును. ఆహారమిచ్చు తోడు పోగా శిలీంధ్రమును నశించును.

1866లో నైలాండర్ అను శాస్త్రజ్ఞుడు, పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో నున్న లైకెన్లు నగరపు ఇతర భాగములలో లేకుండుట గమనించి, ఇవి గాలి శుభ్రతకు కొలబద్ద లనెను. తరువాత పొగ పెరిగి ఆ తోటలోను అవి మాయమయ్యెను. గంధకపు పొగ తగ్గిన పిమ్మట, 1990 ప్రాంతమున, అక్కడనే మరల కనబడెను.

1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనువారు ఇంగ్లండు, వేల్సులకు ఇట్టి కొలమానమునే తయారుచేసిరి. గాలి మిక్కిలి చెడినచోట బెరడు బోసిగా నుండును. కొంత మెరుగైనచోట అంటుకొనియుండు పొలుసులును, ఇంకను మెరుగైనచోట ఆకులవంటివియు, నిర్మలమైన గాలిలో గడ్డమువలె వ్రేలాడు జాతులును కనబడును. అయితే వాహనముల పొగలోని నత్రజని సమ్మేళనముల నోర్చుకొను జాతులును కలవు. కావున లైకెన్ ఉన్నదా యని మాత్రమే గాక, ఏ జాతి యనియు చూడవలెను.

విద్యార్థులు బడి ఆవరణలోను, రద్దీ రోడ్డు ప్రక్కను, ఊరికి దూరముగాను ఒకే జాతి చెట్లను ఎన్నుకొని, ఒకే ఎత్తున బెరడును పరీక్షింపవచ్చును. ఎండ, తేమ, బెరడు గరుకుదనము కూడ లైకెన్లపై ప్రభావము చూపును గనుక తొందరపడి తీర్పు చెప్పరాదు. కాని అవి పీల్చు గాలినే మనమును పీల్చుచున్నాము. బోసిపోయిన బెరడు చెప్పు వార్తను పెడచెవిని పెట్టరాదు.