చూలుతో నున్న ఊసరవెల్లి



ఏ యెండ కా గొడుగు పట్టువారిని ఊసరవెల్లితో పోల్చుట మనకు వాడుక. కాని యీ పోలిక యా ప్రాణికి న్యాయమైనది కాదు. అది రంగు మార్చుట యితరులను వంచించుటకు గాక, చాలవరకు తన మనఃస్థితిని, దేహస్థితిని తెలుపుటకే యని నేటి ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అందును చూలుతో నున్న ఊసరవెల్లి చెప్పు మాటలను గ్రహించుట గృహిణులకు మిక్కిలి యవసరము. ఏలన, సెలవుదినములలో బాలురు దానిని పట్టి, నడుమునకు త్రాడు కట్టి తెచ్చునది మన పెరటిలోనికే. దాని ప్రాణము నిలుచుటయు పోవుటయు ఆ పూట తల్లి చెప్పు మాటపై ఆధారపడియుండును.

మొదట ఈ ప్రాణిని సరిగా గుర్తింపవలెను. సంస్కృతమున కృకలాసము, సరటము అను నామములు తొండకును ఊసరవెల్లికిని గూడ చెల్లుచున్నవి. మన యిండ్లలోను రెంటిని ఒక్కటిగా భావించువారు పెక్కుమంది కలరు. తొండ కంచెలమీదను గోడలమీదను చురుకుగా పరుగిడును. ఊసరవెల్లి యట్లు గాదు. దాని మేను ఆకువలె ప్రక్కలకు అణగి యుండును. తలపై టోపీవంటి ఎత్తు కలదు. కాలివ్రేళ్ళు రెండొక వైపునకు, మూడొక వైపునకు చీలి పట్టకారువలె కొమ్మను పట్టుకొనును. ఒక్క యడుగు వేయుటకు ముందు గాలికి కదలు ఆకువలె ముందువెనుకలకు ఊగును. కన్నులు రెండును వేర్వేరు దిక్కులకు చూడగలవు. నాలుకను తన దేహమంత దూరము, ఒక్కొకప్పుడంతకంటె నెక్కువ దూరము విసరి మిడుతను అందుకొనగలదు. మన దేశపు జాతికి శాస్త్రజ్ఞులు 'కెమీలియో జైలానికస్' అని పేరిడిరి. తోకతో గూడ అది యించుమించు ఒక అడుగు పొడవుండును. దానికి విషము లేదు. దాని గాలి సోకిన కీడు కలుగునను మాటకు ఆధారమేమియు లేదు.

ఇక రంగుల విషయము. 2015 సంవత్సరమున జెనీవా విశ్వవిద్యాలయపు పండితులు మడగాస్కరు ద్వీపపు ఊసరవెల్లి జాతి నొకదానిని పరిశోధించి, దాని చర్మమున అతిసూక్ష్మములైన స్ఫటికములు వరుసలు తీరియున్నవని కనుగొనిరి. ప్రాణి నెమ్మదిగా నున్నపుడు ఆ స్ఫటికములు దగ్గర దగ్గరగా నుండును. ఉద్రేకము కలిగినపుడు ఎడమగును. ఆ యెడమునుబట్టి చర్మమునుండి వెలువడు వెలుగు మారును. నెమలికంఠపు పట్టుచీర వెలుగునకు తిప్పినకొలది వేరువేరు వన్నెలు చూపునట్లే, అద్దకపు రంగుతో పని లేకయే యిచ్చట వన్నె మారుచున్నది. చలి వేసిన ఊసరవెల్లి నల్లబడి యెండను గ్రహించును. బెదరినపుడు, పోరునపుడు, జత కోరునపుడు వేరువేరు రంగులు చూపును.

చూలు నిలిచిన పిమ్మట అనేక జాతుల ఆడు ఊసరవెల్లులు మేను నల్లబరచుకొని, దానిపై మెరయు చుక్కలు, పట్టెలు చూపును. మగది దరిజేరినచో నోరు తెరచి బుసకొట్టును. "నాకు చూలున్నది; నా జోలికి రావలదు" అని యింతకంటె స్పష్టముగా ఏ ప్రాణి చెప్పగలదు? దినములు నిండినకొలది ప్రక్కలు ఉబ్బి, లోపలి గ్రుడ్ల గుండ్రన పైకి తెలియుచుండును. ప్రసవము సమీపించినపుడు ఆహారము తగ్గించును, లేక మానును. నీటిని మాత్రము కోరును. ఇంచుమించు జన్మమంతయు కొమ్మలపై గడపు ప్రాణి అప్పుడు నేలకు దిగి, ఇటునటు తిరుగుచు, అచ్చటచ్చట మన్ను త్రవ్వి చూచును. అది బాలుర చేత చిక్కుటయు, బండిచక్రముల క్రింద పడుటయు సాధారణముగా ఈ సమయముననే. కావున నేలపై దొరకిన ఊసరవెల్లి కడుపు నిండుగా నున్నచో, అది చూలుతో నున్నదనియే తలచి మెలగవలెను.

అట్టిదానికి కావలసినవి రెండే: చెమ్మగల లోతైన మన్ను, ఏకాంతము. అది ముందుకాళ్ళతో మన్ను తోడుచు తలక్రిందుగా సొరంగము చేసి, లోపల గ్రుడ్లు పెట్టి, మరల మంటితో పూడ్చి, కాళ్ళతో అణచి, గుర్తు తెలియనట్లు చేసి పోవును. ఈ పనికి ఎన్నియో గంటలు పట్టును. ఒక్కొకప్పుడు రాత్రియంతయు సాగును. మన దేశపు ఊసరవెల్లి యొక ప్రసవమున సుమారు 10 మొదలు 30 వరకు గ్రుడ్లు పెట్టును. నడుమ ఎవరైన దరికి వచ్చినచో పని విడిచిపెట్టును. మన్ను దొరకనిచోటను, భయము వీడనిచోటను, దేహమున నీరుగాని సున్నపుసత్తువగాని చాలనపుడును గ్రుడ్లు కడుపుననే నిలిచిపోవచ్చును. ప్రసవము కాని తల్లి పగలే కన్నులు మూసికొని, కొమ్మ పట్టుకొను శక్తి లేక నేలపై పడియుండి, కొలదిదినములకే చనిపోవును. పండ్లబుట్టలోనో, తీగెల పంజరములోనో ఉంచి, మిడుతలను వేసి, "మేము మంచిగా పెంచుచున్నాము" అని పిల్లలు సంతోషించుచుండగనే ఇది సంభవించును.

ఒకనాడు మా వీథి బాలురు ఇట్టిదానినే త్రాటితో తెచ్చిరి. మేను నల్లబడి, ప్రక్కలు ఉబ్బియున్నవి. ప్రక్కయింటి ముసలమ్మగారు, "అమ్మాయీ, దాని గాలి మంచిది కాదు, కొట్టివేయించుము" అనిరి. మేము త్రాడు విప్పించి, "దీని నెచ్చట పట్టితిరి?" అని యడుగగా, "చెరువుగట్టు వేపచెట్టు మొదట, అమ్మగారూ" అనిరి. మా వారు బడినుండి వచ్చినతోడనే, అది యెక్కిన కఱ్ఱతోనే దానిని ఆ గట్టునకు చేర్చితిమి. అది చెట్టెక్కలేదు. కొంతసేపు కదలక యుండి, వేరుల నడుమనున్న మెత్తని మంటిని త్రవ్వ నారంభించెను. బాలురను దూరముగా కూర్చుండబెట్టితిమి. చీకటి పడువరకు వారు చప్పుడు చేయలేదు. మరునాటి ఉదయమున పోయి చూడగా తోక చివర మాత్రమే కనబడుచుండెను. మధ్యాహ్నమునకు గుంట పూడి, నేల చదునయ్యెను. తల్లి క్రిందికొమ్మమీద ప్రక్కలు లోనికి పోయి, చర్మము వ్రేలాడుచు కూర్చుండియుండెను. మేము ఆకులపై నీరు చిలుకరింపగా చాలసేపు ఒక్కొక్క బొట్టే నాకి త్రాగెను. గ్రుడ్లెన్నియో త్రవ్వి చూతమని బాలురు కోరిరి, మేము వలదంటిమి. అంతట వారిలో త్రాడు కట్టినవాడే పోయి తుమ్మకంప తెచ్చి, పశువులు త్రొక్కకుండ ఆ చోటి చుట్టును వేసెను.

ఇట్టి సందర్భమున చేయదగిన పనులను క్రోడీకరించి చెప్పెదము. త్రాడును వెంటనే విప్పవలెను. ప్రాణిని పైనుండి చేతితో పట్టి లాగక, దాని ముందు కఱ్ఱ నుంచి, అదియే యెక్కునట్లు చేయవలెను. గిన్నెలో నీరు పెట్టిన అది సామాన్యముగా గుర్తింపదు, ఆకులపై చిలుకరింపవలెను. బలవంతముగా తినిపింపరాదు. కుక్కలకు, పిల్లులకు, కాకులకు దూరముగా, పట్టిన చోటనే ఆ దినముననే విడువవలెను. గ్రుడ్లు కనబడినచో వానిని త్రిప్పరాదు. లోపలి పిండము నశించును. గాయముగాని, లేవలేని నీరసముగాని యున్నచో అటవీశాఖవారికి తెలిపి పశువైద్యుని చేతి కందజేయుటయే ఉచితము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి మన దేశమున ఊసరవెల్లిని పట్టుటయు, అమ్ముటయు, ఇంట పెంచుటయు నేరము.

ఇతరదేశములలో కొన్నిట దీనిని పెంచుట కనుమతి కలదు. ఆఫ్రికా, మడగాస్కరు అడవులలో పట్టుబడినవి పెట్టెలలో దూరప్రయాణము చేసి అంగళ్ళకు చేరును. వానిలో చూలుతో నున్న తల్లులు ఆకలిదప్పులచేతను, కడుపులోని పురుగులచేతను కృశించి యుండును. పెంచువారు అడుగు లోతునకు తక్కువగాని తడియిసుక, మన్ను కలిపిన తొట్టిని పంజరమున నుంచి, చుట్టును గుడ్డ కప్పి, ఏకాంతము కల్పింతురు. యెమెన్ దేశపు జాతియొకటి మగదానితో కలయకున్నను గ్రుడ్లు పెట్టును గనుక ఒంటరి యాడుదానికిని ఈ తొట్టి తప్పదు. కెన్యా మెట్టలలోని జాక్సన్ ఊసరవెల్లి మాత్రము గ్రుడ్లను కడుపుననే పొదిగి, అయిదారు నెలలకు పిల్లలనే కనును. మడగాస్కరున మరియొక జాతి యున్నది. అది గ్రుడ్డులో ఎనిమిది తొమ్మిది నెలలుండి, వెలుపలికి వచ్చిన పిమ్మట నాలుగైదు నెలలు మాత్రమే జీవించునని 2008 సంవత్సరమున ప్రకటింపబడెను. దాని జీవితమున పెద్దభాగము తల్లి పూడ్చిన మంటిలోనే గడచుచున్నది! ఆ పిడికెడు మంటి విలువ ఎంతటిదో చూడుడు.

భాగవతమున నృగమహారాజు కథ మన మెరిగినదే. ఒకని గోవును తెలియక మరియొకనికి దానమిచ్చిన దోషమున ఆ రాజు ఊసరవెల్లియై పాడునూతిలో పడియుండెను. ఆటకు పోయిన యాదవబాలురు దానిని చూచి, జాలిపడి, త్రాళ్ళు కట్టి పైకి లాగ ప్రయత్నించి, చేతగాక శ్రీకృష్ణునకు విన్నవించిరి. ఆ బాలురును త్రాళ్ళే తెచ్చిరి. కాని గట్టు చేర్చుటకు తెచ్చిరి. మన బిడ్డల చేతి త్రాడు దేనికి ఉపయోగపడవలెనో నేర్పవలసినది మనమే. కడుపుతో నున్న కోడలిని పుట్టింటికి పంపి, పురుడు పోసి, పథ్యము పెట్టు ఆచారముగల మనకు ఈ మూగతల్లి కోరునది యెంత? దాని చెట్టు, దాని మన్ను, ఒక రాత్రి ఏకాంతము.