వాకిట్లో ముగ్గు ఆగిపోతే



ఒంట్లో నలతగా ఉందని ఆసుపత్రికి వచ్చే అమ్మలను, బి.పి. చూస్తూ మధ్యలో మేము ఒక మాట అడుగుతుంటాము. "ఇంటి ముందర ముగ్గు ఎవరు వేస్తున్నారమ్మా?" చాలామంది నవ్వుతారు. డాక్టరుకు ముగ్గుతో ఏం పని అనుకుంటారు. కొందరు మాత్రం కాసేపు ఆగి, "ఏడ ఏస్తున్న సారూ, నెల దాటింది, పానం ఒప్పుత లేదు" అంటారు. బి.పి. అంకె ఎంత ముఖ్యమో ఆ జవాబు కూడా మాకు అంత ముఖ్యము. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన సంఘ కుటుంబాల్లో ముగ్గు వేసేవారు ఉన్నారు, వేయనివారూ ఉన్నారు. వేయని ఇంట్లో మరొకటి ఉంటుంది. డిసెంబరు రాగానే వెదురు పుల్లలకు రంగు కాగితం అంటించి నక్షత్రం కట్టడం, పాత చీరలు మడతలు పేర్చి బొంత కుట్టడం, పెరట్లో బంతి నారు వరుసగా పెట్టడం. ఇక్కడ మేము ముగ్గు అన్నప్పుడల్లా మీ ఇంట్లో ఉన్న ఆ పనిని అనుకోండి. ఎవరూ కూలి ఇవ్వరు, ఎవరూ చేయమని చెప్పరు, అయినా చేతులు ఊరుకోక చేసే అందమైన పని.

ముత్యంపేట అనగానే పాతవారికి చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరుకు పండించిన రైతుకూ, ఫ్యాక్టరీలో పనిచేసిన కార్మికునికీ అది ఎంత దెబ్బో మీకు మేము చెప్పనవసరం లేదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో మగవారు దుబాయి, మస్కట్, సౌదీలలో ఉంటారు. ఇంట్లో ఆడవారు చాట ముందు కూర్చుని బీడీలు చేస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి లేచిన ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. అయినా పొద్దున్నే సాన్పి చల్లి, చుక్కలు పెట్టి, ముగ్గు వేసి గానీ చాట ముందుకు రాని అమ్మలు ఉన్నారు. ఆ పది నిమిషాలు వృథా అని మేము ఎన్నడూ అనము. రోజంతటిలో ఆమె తన కోసం వాడుకునే నిమిషాలు అవే కావచ్చు.

ఈ పని ఎంత తెలివైనదో మనకే తెలియదు. 1974లో మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు తమిళ స్త్రీలు వేసే చుక్కల ముగ్గుల మీద ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. చుక్కల చుట్టూ గీత ఎలా తిరగాలో ఆ స్త్రీల మనసులో ఉండే నియమాలను కంప్యూటరు శాస్త్రం భాషలో రాసి చూపారు. మన మెలికల ముగ్గు కూడా అదే జాతిది. ఒకచోట మొదలుపెట్టిన గీత అన్ని చుక్కలనూ చుట్టి మళ్లీ మొదటికే రావాలి. ఎక్కడో ఒక చుక్క తప్పితే చివర గీత కలవదు. ఇది వేసేటప్పుడు కన్ను, చెయ్యి, జ్ఞాపకం, ఓపిక నాలుగూ కలిసి పనిచేస్తాయి.

బతుకమ్మ సంగతి మీకు తెలిసిందే గాని, ఒకసారి కూర్చుని పేర్చేవారి చేతులను చూడండి. అన్నదమ్ములు, పిల్లలు చేన్ల గట్ల మీద నుంచి గునుగు, తంగేడు తెస్తారు. గునుగు కట్టలు కొసలు సమంగా కోసి రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. తాంబాలంలో ఆకులు పరచి, అంచు వెంట తంగేడు ఒక వరుస, పైన గునుగు ఒక వరుస, తర్వాత బంతి, కట్ల, సీతజడ. వరుస వరుసకూ గుండ్రం కొంచెం చిన్నదవుతూ పైకి పోతుంది. లోపల ఖాళీని తరిగిన కాడలూ ఆకులతో గట్టిగా నింపకపోతే మోసేటప్పుడు ఒరిగిపోతుంది. ఈ నింపే పని సాధారణంగా అవ్వ చేతిలో ఉంటుంది, ఎందుకంటే బయటికి కనిపించని పనిలో ఓపిక కావాలి. సాయంత్రానికి అదంతా చెరువులో కలిసిపోతుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. అంతకు ముందు కూడా ఎవరి గుర్తింపు కోసమూ మన ఆడవారు పూలు పేర్చలేదు. ఒక్క మాట, గునుగుకు అద్దే రంగులు తినేవి కావు. ముంచిన చేతులు సబ్బుతో కడిగిన తర్వాతే సద్దులు కలపండి.

అందం చేసే చేతికి పని లేకపోతే మనిషి ఎలా అయిపోతాడో సిరిసిల్ల మనకు చూపింది. అక్కడి మరమగ్గాల కార్మికులు బాకీలు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న వార్తలు 2000 తర్వాతి సంవత్సరాల్లో మనమందరం చదివాము. అదే సిరిసిల్ల ప్రాంతంలో వెల్ది హరిప్రసాద్ గారు జి-20 గుర్తును తన మగ్గం మీద నేసి ప్రధానమంత్రికి పంపారు. 2022 నవంబరులో ప్రధాని ఆ సంగతిని రేడియోలో దేశానికి చెప్పారు. ఈ రెండు వార్తలూ ఒకే ఊరివి. నేతకు పని కావాలి, కూలి కావాలి, అందులో సందేహం లేదు. ముగ్గు వేస్తే బాకీ తీరదు. మేము చెప్పేది వేరు. ఇంట్లో ఒకరి చేతి పని ఆగిపోయినప్పుడు ఇంటివారు దాన్ని బద్ధకము అనుకుని వదిలేస్తున్నారు. అక్కడే ప్రాణాలు పోతున్నాయి.

కుంగుబాటు అనే జబ్బు చాలాసార్లు ఏడుపుతో మొదలు కాదు. ఇంతకు ముందు ఇష్టంగా చేసిన పని మీద మనసు పోకపోవడంతో మొదలవుతుంది. ముగ్గు వేసే ఆమె వేయదు. బొంత సగం కుట్టి మూలన పెడుతుంది. పండుగ వచ్చినా పూలు తెమ్మనదు. దానితో పాటు నిద్ర చెడిపోవడం, ఆకలి పోవడం, ఊరికే అలసట, "నేను ఎందుకూ పనికిరాను" అనే మాట, ఇవి రెండు వారాలకు మించి ఉంటే అది జబ్బు. సోమరితనం కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. బాలింతలలో ఇది ఎక్కువగా దాగి ఉంటుంది, పసిబిడ్డ పనుల్లో పడి ఎవరూ గమనించరు. భర్త గల్ఫ్‌లో ఉన్న కోడలు ఫోనులో "మంచిగనే ఉన్న" అనే చెబుతుంది. ఆమె ఎలా ఉన్నదో అత్తమ్మకు వాకిలి చూస్తే తెలుస్తుంది.

అయితే ముగ్గు ఆగిన ప్రతి ఇంట్లో మనసు జబ్బే అని తొందరపడవద్దు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే వంగి లేచినా ఆయాసం వస్తుంది. థైరాయిడ్ తక్కువైనా ఒళ్లు మొద్దుబారినట్టు ఉంటుంది. ఈ రెండూ రక్త పరీక్షతో తెలుస్తాయి, మందులతో బాగవుతాయి. మోకాళ్లు అరిగిన అవ్వ కూర్చోలేక మానేసి ఉండవచ్చు. ఆమెకు చిన్న పీట వేయండి, లేకపోతే ఆమె చెబుతుంటే మనవరాలు వేస్తుంది.

రెండు సంగతులు మాత్రం ఆలస్యం చేయకూడదు. యాభై ఏండ్లుగా కళ్లు మూసుకుని వేసిన ముగ్గులో అవ్వ పదే పదే దారి తప్పుతుంటే, అది వయసు వల్లనే అని వదలకుండా జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. ఇక ఒక పొద్దున హఠాత్తుగా చెయ్యి పట్టు తప్పి గీత వంకర పోయినా, మూతి ఒక పక్కకు లాగినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు పసరు మందు కోసం వెతకవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అది అందరికీ పనికిరాదు, ముందు స్కాను తీయాలి. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే.

కుంగుబాటుకు మందులు ఉన్నాయి, మాటల వైద్యమూ ఉంది. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, శిక్షణ పొందిన మామూలు మనుషులు రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. ఏ పని చేస్తే మనసు కొంచెం తేలికపడుతుందో కనుక్కుని, రోజూ కొద్దికొద్దిగా ఆ పని మొదలుపెట్టించారు. దీనివల్ల చాలామంది కోలుకున్నారని 2016 చివర లాన్సెట్ పత్రికలో వచ్చింది. కాబట్టి "లే, పెద్ద ముగ్గు వెయ్యి" అని గద్దించవద్దు. "వదినే, నాలుగు చుక్కలు నువ్వు పెట్టు, గీత నేను తీస్త" అనండి. ఆమె నాలుగే పెట్టి లోపలికి పోతే పోనివ్వండి. మరునాడు మళ్లీ పిలవండి. ఆ పది నిమిషాలు పొయ్యి దగ్గర మగవారు నిలబడితే తప్పేమీ లేదు. చాట ముందు నుంచి లేచినప్పుడల్లా చేతులు సబ్బుతో కడుక్కుని గానీ బిడ్డను ఎత్తుకోవద్దు, తంబాకు దుమ్ము పసివారికి విషమే.

ఇంట్లో ఎవరైనా చావు మాట ఎత్తితే "ఇట్ల అనద్దు" అని నోరు మూయించకండి. "సచ్చిపోదామని అనిపిస్తున్నదా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పురుగుల మందు డబ్బాలు తాళం వేసి పెట్టండి, మనిషిని ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. రాత్రివేళ అయితే 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి-మానస్ ఇది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత మందుల చీటీలు తెచ్చుకోండి. ఇంట్లో ఆమెను రోజూ చూసేవారు ఒకరు తోడు రండి. ముగ్గు ఎప్పటి నుంచి ఆగిందో ఆమె కన్నా మీరే సరిగ్గా చెప్పగలుగుతారు.