ఏటేటా ఒక చిన్న అంగీ

బైబిలులోని తల్లుల గురించి మాట్లాడమంటే మనకు ముందుగా హన్నా గుర్తొస్తుంది. పిల్లలు లేక, సవతి పెనిన్నా సూటిపోటి మాటలు పడలేక, షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడ్చిన హన్నా. ఆమె తాగి వచ్చిందని యాజకుడైన ఏలీ పొరబడిన సంగతి ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. దేవుడు ఆమె మొర ఆలకించాడు. సమూయేలు పుట్టాడు. పాలు మాన్పించాక, ఇచ్చిన మాట ప్రకారం ఆమె ఆ బిడ్డను తీసుకెళ్లి దేవుని మందిరంలో అప్పగించింది. ప్రసంగాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి. ఆ తర్వాత ఆ తల్లి ఏం చేసిందో చెప్పే చిన్న వచనం ఒకటుంది. ప్రతి సంవత్సరం భర్త ఎల్కానాతో కలిసి బలి అర్పించడానికి షిలోహుకు వెళ్లినప్పుడల్లా ఆమె సమూయేలు కోసం ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేదట (1 సమూయేలు 2:19).

ఈ వచనం చదివినప్పుడల్లా మాకొక సందేహం వచ్చేది. ఏడాదికొక్కసారి చూసే బిడ్డకు కొలత ఎలా తెలుస్తుంది? పోయినేడు చూసిన పిల్లవాడు ఈ ఏడు ఎంత పెరిగాడో రామాలో ఉన్న తల్లికి ఎవరు చెబుతారు? దీనికి జవాబు మాకు ఏ వ్యాఖ్యాన గ్రంథంలోనూ దొరకలేదు. మా అమ్మ దగ్గర దొరికింది.

సుగ్గికి ముందు పండుగ

మాది కర్నూలు జిల్లా పడమటి ప్రాంతం, కోసిగి వైపు. వాన పడితే పత్తి, చెనక్కాయ, జొన్న. పడకపోతే వలస. ఊళ్లో పనులు అయిపోయాక కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్నే మా వైపు ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అంటే కోతల కాలం. సొంత ఊళ్లో కోతకు నోచుకోనివాళ్లు పరాయి ఊరి సుగ్గికి పోతారన్నమాట.

1980లలో, మా చిన్నతనంలో, కొత్త సంవత్సరపు ఆరాధన అయ్యాక అమ్మానాన్న బయల్దేరేవారు. మళ్లీ ఈస్టరు దగ్గర పడితేనే రావడం. మేము నలుగురం అవ్వ దగ్గర ఉండేవాళ్లం. మాలో ఇద్దరి పుట్టినరోజులు ఫిబ్రవరిలో, ఒకరిది మార్చిలో. అంటే మూడూ అమ్మ ఇంట లేని నెలల్లోనే. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. బయల్దేరే ముందు ఆదివారం సాయంత్రం ముగ్గురి పుట్టినరోజులూ ఒకేసారి చేసేది. కేకు, కొవ్వొత్తులు మాకు తెలియవు. బెల్లం, శనగపప్పు సమకూరిన ఏడు ఓళిగలు, లేని ఏడు ఉగ్గాని. పాస్టరుగారిని, పక్కింటివాళ్లను పిలిచేది. ఒక పాట, ఒక వాక్యం, ప్రార్థన. ఉదయం ఆరాధనలోనే మా ముగ్గురి పేర్లు చదివించి తలా ఒక రూపాయి కృతజ్ఞతార్పణ వేయించేది. “ఇంకా రాని పుట్టినరోజుకు ఇప్పుడే కృతజ్ఞత ఏమిటమ్మా?” అని ఒకసారి పాస్టరుగారే నవ్వుతూ అడిగారు. “వస్తాదని నమ్మకం ఉంది గదయ్యా” అంది అమ్మ.

ఆ రాత్రి మమ్మల్ని వరుసగా గోడకు ఆనించి నిలబెట్టేది. మెడ దగ్గర నుంచి మోకాలి దాకా తెల్లదారంతో కొలిచేది. ఎవరి దారమో గుర్తుండడానికి పెద్దక్కకు ఒక ముడి, అన్నకు రెండు, ఇలా మా అందరికీ ముడులు వేసేది. ఆ నాలుగు దారాలు బైబిలులో పెట్టుకుని గుంటూరు తీసుకెళ్లేది. తిరిగొచ్చే ముందు కూలి డబ్బుతో అక్కడే గుడ్డ తీసి, టైలరుకు దారాలిచ్చి, “నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టి కుట్టు నాయనా” అని చెప్పేదట.

ఎందుకు ఎక్కువ అని పెద్దక్క అడిగింది.

“నేనొచ్చేలోపల మీరు పెరిగింటారు కదమ్మా.”

“నువ్వు చూడకుంటే మేం ఎట్లా పెరుగుతాం?”

“నేను చూడకుంటే ఏమాయ? దేవుడు చూస్తాంటాడు.”

హన్నా కొలత కూడా ఇలాంటిదే అయివుంటుందని మాకు అనిపిస్తుంది. కంటికి కనబడని బిడ్డ పెరుగుతున్నాడని నమ్మి ఆమె ఏటేటా కాస్త పెద్ద అంగీ కుట్టింది. ఆ నమ్మకం వమ్ము కాలేదు. బాలుడైన సమూయేలు దేవుని సన్నిధిలో ఎదిగాడని రెండు వచనాల తర్వాత రాసివుంది (2:21). అంగీ కుట్టడం తల్లి పని. దాన్ని తొడుక్కునే బిడ్డను పెంచడం దేవుని పని.

అలాగని ఎడబాటు తేలికైన సంగతి అని మేము చెప్పడం లేదు. ఒక ఏడు కోతలు సాగిపోయి అమ్మానాన్న ఈస్టరుకు రాలేకపోయారు. తమ్ముడికి జ్వరం వచ్చి తగ్గింది కూడా. చివరికి అమ్మ వచ్చిన రోజు వాడు ముఖం తిప్పుకుని అవ్వ కొంగు పట్టుకున్నాడు. బతిమాలి కొత్త చొక్కా తొడిగితే పొట్టిదైంది. ఆ ఏడు నాలుగు వేళ్లు సరిపోలేదు. అమ్మ ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని పొయ్యి దగ్గర చాలాసేపు ఏడ్చింది. షిలోహు నుంచి తిరిగొచ్చే దారిలో హన్నా ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసిందో బైబిలు చెప్పలేదు గానీ, తల్లులకు తెలుసు.

ఏడాదికొక ప్రయాణం

సుగ్గి డబ్బులో అప్పులు తీరగా మిగిలిన దాంట్లో అమ్మ రెండు ఖర్చులు తప్పనిసరి చేసుకుంది. ఒకటి సంఘానికి. మాకు పొలం లేదు కాబట్టి కోతపండుగకు జొన్నకంకులు తేలేం. గుంటూరు నుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయల్లోనే ఒక చేటెడు తీసి బల్ల ముందు పెట్టేది. రెండోది మా ప్రయాణం. అమ్మ పుట్టిల్లు కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర. లండన్ మిషన్ వారు 1822లో కడపలో పని మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల పల్లెల్లో లేచిన సంఘాల్లో అమ్మవాళ్లదీ ఒకటి. జమ్మలమడుగులో ఆ మిషన్ వారి క్యాంబెల్ ఆసుపత్రి పేరు తెలియని ఇల్లు ఆ వైపు ఉండదు.

కోసిగిలో ప్యాసింజరు రైలెక్కితే ఆదోని, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి మీదుగా ముద్దనూరు. అక్కడ దిగి జమ్మలమడుగు బస్సు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో పూర్తయ్యేదాకా జమ్మలమడుగుకు రైలు లేదు. దారిలో తినడానికి జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో గుంతకల్లు దాకా ఒకరి వంతు, ఆ తర్వాత ఇంకొకరి వంతు. అది కూడా అమ్మే తీర్చేది.

ఒక ఏడు మామ మమ్మల్ని గండికోటకు తీసుకెళ్లాడు. పెన్నానది కొండను నిలువునా కోసుకుంటూ పారే చోటు అది. ఆ ఎర్రటి బండల మీద అమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి రొట్టెలు పంచి, ఈ ఏడు దేవుడు మీకు చేసిన మేలు ఒక్కొక్కటి చెప్పండి అంది. పెద్దక్క పరీక్ష పాసయ్యానని చెప్పింది. అన్న తేలు కుట్టినా బతికానన్నాడు. తమ్ముడు కాసేపు ఆలోచించి, “అమ్మ వచ్చింది” అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. వాడి ఆకులో ఇంకో రొట్టె వేసింది.

యొర్దాను దాటాక యెహోషువ గిల్గాలులో పన్నెండు రాళ్లు నిలిపించింది ఇందుకే. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే దేవుడు చేసిన మేలు చెప్పాలని (యెహోషువ 4). ఎల్కానా కుటుంబం ఏటేటా షిలోహుకు వెళ్లి అక్కడ కలిసి భోజనం చేసేది. యోసేపు, మరియలు ఏటేటా పస్కా పండుగకు యెరూషలేము వెళ్లేవారు (లూకా 2:41). బైబిలు కుటుంబాలకూ ఏడాదికొక ప్రయాణం, దారి పొడవునా చెప్పుకునే కబుర్లు ఉండేవి. ఆ హన్నా కొడుకే పెద్దవాడయ్యాక మిస్పాకు, షేనుకు మధ్య ఒక రాయి నిలిపి దానికి ఎబెనెజెరు అని పేరు పెట్టాడు (1 సమూయేలు 7:12). ఇంతదాకా దేవుడు తోడున్నాడని లెక్క చూసుకోవడం ఆ కొడుకు తల్లి దగ్గరే నేర్చుకున్నాడేమో.

రాయని తేదీ

అమ్మ మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆమె బైబిలు మొదట్లో ఉన్న తెల్ల పేజీల మీద మా ఇంటి చరిత్రంతా పెన్సిలుతో రాసివుంది. మా పుట్టుకలు, బాప్తిస్మాలు, పెద్దక్క పదో తరగతి పాసైన రోజు, అన్నకు ఉద్యోగం వచ్చిన రోజు, పెళ్లిళ్లు, మనవలు. నాన్న ప్రభువునందు నిద్రించిన రోజు. మా నలుగురికీ చదువులు, ఉద్యోగాలు వచ్చి తలా ఒక ఊరు చేరుకున్నాం. ఫోనులో మాట్లాడితే చాలనుకున్నాం. మా పిల్లల పుట్టినరోజులు హోటళ్లలో చేసి ఫొటోలు అమ్మకు పంపేవాళ్లం. ఆమె ఆ తేదీలు ఆ పేజీల్లో రాసుకునేది.

కొన్నేళ్ల క్రితం ఒక మనవరాలు ఆ పేజీలు తిరగేస్తూ, “నానమ్మా, ఇందులో నీ పుట్టినరోజు ఏది?” అంది. మేము నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతమంది తేదీలు రాసిన ఆ చేతులు తన తేదీ రాయలేదు. రాయడానికి ఆమెకు తెలియదు. పెద్ద కరువు ఏడు పుట్టానని వాళ్లమ్మ చెప్పేదట, అంతే. మేమూ అప్పటిదాకా అడగలేదు. అమ్మ ఎప్పుడు పుట్టిందో తెలుసుకోవాలని మాకు తోచనే లేదు. ఆ రోజు సిగ్గుతో తల వంచుకున్నాం.

సరే, మే నెల రెండో ఆదివారం మాతృదినోత్సవం నాడు నీ పుట్టినరోజు చేస్తామన్నాం. ఆ పండుగ కూడా మందిరంలోనే మొదలైంది. అమెరికాలోని గ్రాఫ్టన్ అనే ఊళ్లో మెథడిస్టు చర్చిలో 1908 మే 10న అన్నా జార్విస్ అనే ఆవిడ తన తల్లి జ్ఞాపకార్థం ఆరాధన జరిపించింది. 1914లో అది జాతీయ దినమైంది. కొన్నేళ్లకే పూలు, కార్డులు, మిఠాయిల వ్యాపారంగా మారడం చూసి, దాన్ని మొదలుపెట్టిన ఆవిడే దానికి ఎదురు నిలబడింది. అచ్చేసిన కార్డు కొని పంపడం కంటే సొంత చేతులతో ఒక ఉత్తరం రాయడం మేలన్నది ఆమె బాధ.

మా అమ్మ ఈ చరిత్రంతా విని, “నాకు అదేం వద్దు” అంది. “సుగ్గి నుంచి వస్తే మీరు నలుగురూ గడప కాడ నిలబడి ఉంటిరే, అదే నాకు పండుగ. ఒక్కసారి అట్లా నలుగురూ రాండి, చాలు.”

అప్పటి నుంచి ఏటా ఈస్టరు తర్వాతి ఆదివారం మేము నలుగురం ఊరికి వెళుతున్నాం. ఆ పేజీలో మనవరాలి చేత రాయించాం కూడా. తేదీ ఉండాల్సిన చోట, ‘అందరం ఇంటికొచ్చే రోజు’ అని ఉంటుంది. ఆ ఆదివారం ఓళిగలు మేము చేస్తాం, అమ్మ కూర్చుని తింటుంది. ఉప్పు తక్కువైందని వంక పెడుతుంది. ఆమె గడపలో ఉంటుంది, మేము వీధిలో నుంచి వస్తాం. అప్పటికీ ఇప్పటికీ అదొక్కటే తేడా.

మన సంఘాల్లోని పిల్లలు

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. కోసిగి, కౌతాళం, ఎమ్మిగనూరు వైపు నుంచి ఇప్పటికీ సుగ్గికి పోతున్నారు. వాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు ఎందరో తల్లులు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. తమ బిడ్డ మొదటి అడుగు, బడిలో చేరిన రోజు, కొన్నిసార్లు కూతురి పెళ్లి కూడా వాళ్లు ఫోనులోనే చూస్తారు. సెలవుకు వచ్చేటప్పుడు వాళ్లు మోసుకొచ్చే పెట్టెల్లో ఉండేవి హన్నా అంగీలే. కొలత తప్పిన అంగీలూ ఉంటాయి.

కనుక సంఘాలకు మా మనవి ఒకటే. తల్లి దగ్గర లేని పిల్లలెవరో మీ సంఘపు పుస్తకంలో రాసుకోండి. వాళ్ల పుట్టినరోజున ఆరాధనలో పేరు చదవండి. ఆదివారం మధ్యాహ్నం ఒక బిడ్డను ఇంటికి తీసుకెళ్లి మీ పిల్లల పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టండి. ఆ బిడ్డ మీద చెయ్యి వేసి ప్రార్థించి, ఆ సంగతి తల్లికి ఫోను చేసి చెప్పండి. నేను చూడకుంటే దేవుడు చూస్తున్నాడని నమ్మి వెళ్లిన తల్లి ఆమె. సమూయేలును చూడడానికి షిలోహులో ఏలీ ఉన్నాడు. ఈ పిల్లలను చూడడానికి దేవుడు పెట్టింది మనల్నే.

ఇక తల్లి బతికున్న పిల్లలకు ఒక మాట. మన పుట్టినరోజులన్నీ గుర్తుపెట్టుకున్న ఆమె పుట్టినరోజు ఎప్పుడో ఈ వారమే అడగండి. తెలియదంటే మీరే ఒక రోజు అనుకుని, ఆ రోజుకు అందరూ ఇంటికి వెళ్లండి.