ఆ శత్రువు 'వాడే' ఎందుకయ్యాడు?

సెల్‌ఫోనులో యుద్ధపు ఆట ఆడుతున్న పిల్లల మాటలు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? "వాడు చెట్టు వెనకాల ఉన్నాడురా", "వాణ్ణి కొట్టు", "ఇంకొకడు వస్తున్నాడు" అని అరుస్తుంటారు. తెర మీద కనబడేది ముసుగు, టోపీ, తుపాకి మాత్రమే. ముఖము లేదు, పేరు లేదు, గొంతు లేదు. అది పురుషుడని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అయినా ఆడే పిల్లవాడు గాని, పక్కన కూర్చుని చూసే అతని చెల్లెలు గాని, క్షణమైనా ఆలోచించకుండా "వాడు" అనేస్తారు.

ఇది చాలా చిన్న విషయముగా కనిపించవచ్చు. అయితే మగవారిని గూర్చి, ఆడవారిని గూర్చి మన పిల్లలు తమకు తెలియకుండానే నేర్చుకుంటున్నది ఈ చిన్న మాటలో దాగి ఉన్నది. కాబట్టి దీనిని కొంచెము నిదానముగా పరిశీలించుదామని మేము తలంచాము.

పీతలనుండి మనుష్యులవరకు

1978లో జపాను దేశపు టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను విడుదల చేసింది. దానిని తయారుచేసినవారు తొమోహిరో నిషికాదో. తెర పైభాగమునుండి 5 వరుసలలో, వరుసకు 11 చొప్పున, 55 శత్రువులు దిగివస్తుంటాయి. మనుష్యులను కాల్చినట్లు చూపుట తగదని వాటికి పీత, ఆక్టోపస్, స్క్విడ్ వంటి సముద్రజీవుల రూపములు ఇచ్చారు. అప్పుడు ఆడా, మగా అనే ప్రశ్నే లేదు. మన భాషలో "అవి వస్తున్నాయి" అంటే సరిపోయేది.

1980లో నమ్కో అనే మరొక జపాను కంపెనీ 'పాక్‌మాన్' అనే ఆట తెచ్చింది. పసుపుపచ్చని గుండ్రని బొమ్మను నాలుగు దెయ్యాలు తరుముతుంటాయి. నాలుగింటి ఆకారము ఒక్కటే, రంగులు మాత్రము వేరు. నారింజరంగు దెయ్యానికి ఇంగ్లీషులో క్లైడ్ అని మగపేరు పెట్టారు. 1982లో 'మిస్ పాక్‌మాన్' వచ్చింది. ఈసారి పసుపుబొమ్మ ఆడది. అది తెలియుటకు తలకు రిబ్బను కట్టి, పెదవులకు రంగు వేశారు. నారింజరంగు దెయ్యానికేమో స్యూ అని ఆడపేరు పెట్టారు. దానికి రిబ్బను లేదు, పెదవుల రంగు లేదు. పేరు ఒక్కటి మారగానే మగదెయ్యము ఆడదెయ్యమైపోయింది!

ఇందులో ఒక సంగతి గమనించండి. మొదటి పసుపుబొమ్మ మగవాడని చూపుటకు మీసము గాని, తలపాగా గాని గీయవలసిన అవసరము రాలేదు. ఆడదని చూపుటకు మాత్రము రిబ్బను కావలసివచ్చింది. అంటే, ఏ గుర్తూ లేనిదంతా మగ, గుర్తు పెడితేనే ఆడ అన్నట్లయినది.

1986లో నింటెండో కంపెనీవారి 'మెట్రాయిడ్' ఆటలో ఇది మరింత స్పష్టముగా కనబడింది. అందులో ఆటగాడు నడిపించే సామస్ అనే యోధుని శరీరమంతా కవచముతో కప్పబడి ఉంటుంది. ఆటతోపాటు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకములో కూడా పురుషుని గూర్చి చెప్పినట్లే వ్రాశారు. ఆటను త్వరగా ముగించినవారికి చివరలో ఆ కవచము తొలగుతుంది. లోపల ఉన్నది ఒక స్త్రీ! అంతవరకు కవచమును చూచి పురుషుడనుకున్నవారు ఆశ్చర్యపోయారు.

మనస్సు చేసే పని

ఈ అలవాటు వీడియో ఆటలతో పుట్టినది కాదు. ఆడో మగో తెలియని గుడ్డబొమ్మ జంతువులను పిల్లలకు, పెద్దలకు చూపి, వారు వాటిని ఏమని పిలుస్తారో అమెరికాలో కొందరు పరిశోధకులు పరీక్షించారు. ఎక్కువగా మగవాటిని పిలిచినట్లే పిలిచారని 2003లో ప్రకటించారు. మరికొందరు శాస్త్రజ్ఞులు ఇంకా విచిత్రమైన పరీక్ష చేశారు. బంగాళాదుంప మీద, కాఫీ కప్పులో, చెట్టు బెరడు మీద ఒక్కోసారి మనకు ముఖము ఉన్నట్లు కనిపిస్తుంది గదా! అటువంటి చిత్రములను చూపి, ఆ ముఖము ఆడదా మగదా అని అడిగారు. చూచినవారు చాలా ఎక్కువగా మగ ముఖమనే చెప్పారని 2022లో తెలియజేశారు. దుంపకు ఆడ, మగ ఎక్కడిది? చూపులో లేని దానిని మనస్సు నింపుకుంటుంది. నింపేటప్పుడు ముందుగా చేతికందేది "వాడు" అనే మాటే.

మన తెలుగులో ఉన్న చిక్కు

మన భాషలో ఈ విషయము మరి కొంచెము చిక్కైనది. "శత్రువు" అనే మాటలో ఆడ, మగ భేదము లేదు. కాని వాక్యము ముగించవలెనంటే "శత్రువు వచ్చాడు" అనో, "శత్రువు వచ్చింది" అనో అనక తప్పదు. "వచ్చింది" అంటే ఆడమనిషి అయినా కావచ్చు, ఆవు అయినా కావచ్చు, బస్సు అయినా కావచ్చు. ఏకవచనములో స్త్రీకి, వస్తువుకు ఒకే క్రియ వాడే భాష మనది. పురుషవాచకములకు 'మహత్తులు' అని పేరుపెట్టి వేరుగా చూపిన వ్యాకరణము మనది. పరవస్తు చిన్నయసూరిగారి 'బాలవ్యాకరణము'లో ఈ విభజన స్పష్టముగా ఉన్నది. బహువచనములో మాత్రము "వాళ్ళు వచ్చారు" అనగానే స్త్రీపురుషులిద్దరూ కలిసిపోతారు.

కాబట్టి తెరమీది పీతను "వచ్చింది" అన్న పిల్లవాడే, దానికి రెండు కాళ్ళు, చేతిలో తుపాకి రాగానే "వచ్చాడు" అంటాడు. "సైనికుడు", "రాక్షసుడు" అన్న మాటలలోనైతే చివరి 'డు' ముందే తీర్పు చెప్పేస్తుంది. పిల్లలు తప్పు మాట్లాడుతున్నారని మేము అనుటలేదు. భాష వారిని ఒకటి ఎంచుకొమ్మంటుంది, వారు అలవాటైనది ఎంచుకుంటారు.

నష్టము ఎవరికి?

ఆడపిల్లలకు నష్టమని వెంటనే తోచవచ్చు. అది నిజమే. సాహసము, పోరాటము, చివరకు శత్రుత్వము కూడా మగవారి పనులేనని చిన్ననాటనే నాటుకుంటే, రిబ్బను కట్టుకున్న ఒక్కతె తప్ప ఆ లోకములో తనకు చోటు లేదని ఆడపిల్ల అనుకుంటుంది.

అయితే మగపిల్లవానికి కలిగే నష్టమును గూర్చి ఎవరూ మాట్లాడరు. 1989లో క్యాప్‌కామ్ కంపెనీ 'ఫైనల్ ఫైట్' అనే వీధిపోరాటపు ఆట తెచ్చింది. ఎదురొచ్చే రౌడీలలో ఇద్దరు స్త్రీరూపములు కూడా ఉన్నారు. అమెరికాలో ఇళ్ళలో ఆడుకొనుటకు విడుదల చేసినప్పుడు, స్త్రీలను కొట్టినట్లు చూపకూడదని ఆ ఇద్దరినీ తీసివేసి, వారి స్థానములో మగవారిని పెట్టారు. స్త్రీని కొట్టకూడదన్న ఆలోచన మంచిదే. కాని ఆ స్థానములోనికి వచ్చిన మగవారిని గూర్చి ఎవరు అడిగారు? వందలకొలది పడిపోయేవాడు, పేరు లేకుండ చచ్చేవాడు, ఎవరూ ఏడవనివాడు ఎప్పుడూ "వాడే". అది చూస్తూ పెరిగేవాడు కూడ మగపిల్లవాడే. మగవాని దేహము చవకైనదని, దెబ్బతింటే ఏడవకూడదని, ఆ తెర అతనికి రోజూ చెప్పుచున్నది.

ఆడశత్రువులను ఎక్కువ పెడితే సరిపోతుందా? 2020లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగము వేరొక మార్గము చూపింది. అది పెద్దలకు ఉద్దేశించిన హింసాత్మకమైన ఆట, పిల్లలకు తగినది కాదు. అయితే అందులో శత్రువులలో స్త్రీలు, పురుషులు ఇద్దరూ ఉన్నారు. ఒకరు పడిపోతే తోటివారు పేరుపెట్టి కేకవేస్తారు. ఆ పేరు చెవిని పడగానే, కొట్టినవానికి తాను ఒక మనిషిని కొట్టినట్లు తెలిసివస్తుంది.

తల్లిదండ్రులారా!

పబ్‌జీని మన ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించినా, అటువంటి ఆటలు వేరే పేర్లతో పల్లెలలోనికి కూడ వచ్చాయి. ఫోను లాగుకొనుట ఒక్కటే మార్గమైతే పిల్లలు మరొకరి ఫోనులో ఆడతారు. కొన్నిసార్లు పక్కన కూర్చోండి. మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: "నాయనా, వాడు మగవాడని నీకెలా తెలిసింది?" పిల్లవాడు నవ్వవచ్చు, కాని ఆలోచిస్తాడు.

రెండు: "అమ్మా, వీరిలో నీవు ఎవరుగా ఆడతావు?" కుమార్తె జవాబును ఓపికగా వినండి. ఆమె మౌనముగా ఉంటే అది కూడ జవాబే.

మూడు: "వాడికి ఒక పేరు పెట్టు. వాడిది ఏ ఊరు? వాడి అమ్మ ఎవరు?" పదిమంది కలిసి ఆడే ఆటలలో ఎదుట ఉన్న బొమ్మ వెనుక చాలాసార్లు నిజమైన మనిషే ఉంటాడు, లేక ఉంటుంది. ఆడబొమ్మను అబ్బాయి, మగబొమ్మను అమ్మాయి ఆడించుచు ఉండవచ్చు. ఆ సంగతి తెలిసిన పిల్లలు ఆటలో తిట్టేముందు కొంచెము ఆగుతారు.

భోజనమైన తరువాత ఒక్క పది నిమిషములు చాలు. ఈ వారమే అడిగి చూడండి.