శస్త్రచికిత్స పిమ్మట సంతానము

బోధను ప్రాంతపు రైతునకు కార్శి తోట యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. చెరకు గడను నరికినను, దుబ్బు చెడకున్నచో మరల పిలకలు వచ్చును. గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు తొలిదశలోనున్న కొందరు స్త్రీలకు నేడు వైద్యులు చేయు శస్త్రచికిత్సయు ఇట్టిదే. రోగమున్న మేర తొలగించి, గర్భసంచిని నిలుపుదురు.

గర్భసంచికి అడుగున మెడవంటి సన్నని భాగము కలదు. అదియే ముఖద్వారము. అచ్చట క్యాన్సరనగానే సంచినంతయు తీసివేయుట చాలకాలము ఆచారమైయుండెను. 1987లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున దానియేల్ దార్జాన్ అను వైద్యుడు మెడను, దాని చుట్టునున్న కణజాలమును మాత్రము తొలగించు పద్ధతిని ప్రారంభించెను. దీనికి ట్రాకెలెక్టమీ యని పేరు. వ్యాధి మిక్కిలి స్వల్పమైనచో శంకువు ఆకారమున చిన్న ముక్కను తీసిన చాలును.

ఇది అందరికిని తగదు. సాధారణముగ గడ్డ 2 సెంటీమీటర్లకు మించరాదు. లింఫు గ్రంథులకు వ్యాధి ప్రాకరాదు. ముదిరిన వ్యాధికి కిరణ చికిత్స పొందినచో గర్భధారణకు ఆశ దాదాపు ఉండదు. ఎట్లైనను స్త్రీ ప్రాణమే మొదటిది.

మరి పిల్లలు కలుగుదురా? పలువురికి కలుగుచున్నారు. ఆరు మాసములో, సంవత్సరమో ఆగి ప్రయత్నింపుమని వైద్యులు సాధారణముగ చెప్పుదురు. ద్వారము ఇరుకైనవారికి గర్భము నిలుచుట ఆలస్యము కావచ్చును. వారికి సంతాన చికిత్స తోడ్పడును. అసలు జాగ్రత్త పిమ్మటనే కావలెను. బరువు మోయవలసిన మెడ పొట్టిదైనందున నాల్గవ, ఐదవ మాసములలో గర్భస్రావము, నెలలు నిండకమునుపే ప్రసవము కలుగు భయము హెచ్చు. అందుచే గర్భసంచి మూతికి తరచు గట్టి కుట్టు వేయుదురు. ట్రాకెలెక్టమీ అయినవారికి సిజేరియన్ కాన్పు చేయుదురు. నెలలు నిండని శిశువును కాపాడు వసతి గల ఆసుపత్రిని ముందే చూచుకొనవలెను.

ఉభయ తెలుగు రాష్ట్రములలో గర్భసంచి తొలగింపులు దేశమున మిక్కిలి అధికమని 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. "ఇద్దరు పుట్టిరి, ఇంక సంచి ఎందుకు?" అను మాట మన యిండ్లలో సులువుగ వినబడును. కావున మేము కోరునది ఒకటే. సమ్మతిపత్రముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, ముక్క పరీక్షలో ఏమి తేలినది, వ్యాధి ఏ దశలోనున్నది, సంచిని నిలుపుటకు వీలున్నదా యని అడుగుడు. నిజామాబాదులో 2013 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల, హైదరాబాదున క్యాన్సరుకై ఎం.ఎన్.జె. సంస్థ కలవు.

సంగమానంతరము గాని, ముట్టుల నడుమ గాని రక్తము కనిపించినచో చెరకు కోతలు ముగియువరకు ఆగవలదు. ఏ బాధయు లేకున్నను 30 ఏండ్లు దాటిన ప్రతి స్త్రీయు ముఖద్వార పరీక్ష చేయించుకొనవలెను. దుబ్బును కాపాడుకొను అవకాశము తొలిదశలోనే గలదు.