జేబులో వర్క్‌షాప్.. ఎంత బరువు మోయాలి?

ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసి ఫీల్డ్ ఉద్యోగంలో చేరేవారి కన్ను ముందుగా పడే వస్తువుల్లో మల్టీ టూల్ ఒకటి. ఒకే పిడిలో కటింగ్ ప్లేయర్, చాకు, రంపం, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు.. చూడగానే కొనేయాలనిపిస్తుంది. కానీ ఎక్కువ పనులు చేసేది బరువుంటుంది. తేలిగ్గా ఉండేది గట్టి పని దగ్గర చేతులెత్తేస్తుంది. పేరున్న కంపెనీది కొనాలంటే పది వేల రూపాయలు దాటొచ్చు. మొదటి జీతంలో అది చిన్న మొత్తమేం కాదు. మరి ఏది ఎంచుకోవాలి? అసలు మీకు అవసరమేనా? డబ్బు పెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి.

పుట్టింది ప్రయాణంలోనే!

అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మ్యాన్ 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరిగారు. దారిలో కారు మొరాయించేది. బస చేసిన చోట్ల కుళాయి పైపులు కారేవి. ఆయన జేబులో మడత చాకు ఉంది కానీ, పట్టి తిప్పడానికి ప్లేయర్ లేదు. ఆ లోటులోంచే ‘చాకుకు ప్లేయర్ తోడైతే?’ అన్న ఆలోచన వచ్చింది. ఏళ్ల తరబడి నమూనాలు చేసి, 1983లో తొలి టూల్‌ను మార్కెట్లోకి తెచ్చారు.

ఈ కథలో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. మల్టీ టూల్ వర్క్‌షాప్‌కు బదులుగా పుట్టలేదు. వర్క్‌షాప్ దూరంగా ఉన్నప్పుడు ఆదుకోవడానికి పుట్టింది. తర్వాతి కాలంలో బరువైన పనుల కోసం పెద్ద మోడళ్లు వచ్చాయి. వాటితోపాటే ‘ఇంత బరువు రోజూ మోయాలా?’ అన్న ప్రశ్నా వచ్చింది.

గ్రాములు ఏం చెబుతున్నాయి?

ఉదాహరణకు ఒకే కంపెనీ మోడళ్లు మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

* లెదర్‌మ్యాన్ స్కెలిటూల్: సుమారు 142 గ్రాములు. 7 రకాల పనులు.
* వేవ్ ప్లస్: సుమారు 241 గ్రాములు. 18 రకాల పనులు. మడిస్తే పొడవు 10 సెంటీమీటర్లు.
* సర్జ్: సుమారు 335 గ్రాములు. 21 రకాల పనులు. మడిస్తే పొడవు 11.5 సెంటీమీటర్లు.

మన చేతిలోని స్మార్ట్‌ఫోన్ దాదాపు 200 గ్రాములుంటుంది. అంటే స్కెలిటూల్ ఫోన్ కంటే తేలిక. సర్జ్ ఒకటిన్నర ఫోన్ల కంటే ఎక్కువే తూగుతుంది.

వేవ్ నుంచి సర్జ్‌కు మారితే బరువు దాదాపు 39 శాతం పెరుగుతుంది. పనుల సంఖ్య మాత్రం 18 నుంచి 21కే చేరుతుంది. ‘మూడు పనుల కోసం ఇంత బరువా?’ అనిపిస్తుంది కదా! కానీ లెక్కించాల్సింది ఆ మూడింటిని కాదు. రెండింటిలోనూ ఉన్న అదే ప్లేయర్, అదే రంపం ఎంత గట్టి పనికి నిలబడతాయన్నదే అసలు తేడా.

బరువుతో వచ్చే లాభం

ప్లేయర్ అంటే తులాదండమే. పిడి ఎంత పొడవుంటే నొక్కే బలం అంత పెరుగుతుంది. పిడి 10 నుంచి 11.5 సెంటీమీటర్లయితే, మిగతావన్నీ సమానమనుకుంటే, బలం సుమారు 15 శాతం పెరిగినట్టు. ఇది ఒక్కటే అయితే 39 శాతం బరువుకు సరిపోదు. పెద్ద మోడల్లో దవడలు మందంగా ఉంటాయి. కీలు దగ్గర లోహం ఎక్కువ ఉంటుంది. బిగుసుకుపోయిన నట్టును పట్టి మెలితిప్పినప్పుడు ఒత్తిడంతా పడేది అక్కడే. సన్నటి మోడల్ పిడి అరచేతిలో గుచ్చుకుని, బలం పెట్టకముందే మన చేయే వదిలేస్తుంది. బరువైన దాని వెడల్పాటి పిడిని గట్టిగా పట్టుకోవచ్చు.

సర్జ్ లాంటి వాటిలో ఇంకో సౌకర్యం ఉంది. రంపం, ఆకురాయి అరిగితే తీసేసి, జిగ్‌సా యంత్రాల్లో వాడే టీ-షాంక్ బ్లేడ్లు బిగించుకోవచ్చు. కొన్ని మోడళ్లలో వైరు కోసే అంచులనూ మార్చుకోవచ్చు. రోజూ వైర్లు కోసేవారికి ఇది పెద్ద లాభం. అంచు మొద్దుబారిందని టూల్ మొత్తాన్ని పక్కన పడేయాల్సిన పనిలేదు.

ఒక చిన్న కిటుకు: వైరును దవడల కొసన కాకుండా కీలుకు వీలైనంత దగ్గరగా పెట్టి కోయండి. అదే చేతి బలానికి కోత తేలికవుతుంది. చిన్న టూల్‌తోనూ సగం సమస్య తీరిపోతుంది.

బరువుతో వచ్చే నష్టం

మొదటి వారం ఉత్సాహంగా బెల్టుకు తగిలిస్తారు. బైక్ ఎక్కినప్పుడల్లా నడుముకు గుచ్చుకుంటుంది. సేఫ్టీ హార్నెస్ వేసుకుంటే పౌచ్ దానికింద నలుగుతుంది. రెండో వారం బ్యాగులోకి, నెల తిరిగేసరికి గదిలోకి చేరుతుంది. గదిలో ఉన్న 21 పనుల టూల్ కంటే జేబులో ఉన్న ఏడు పనుల టూలే గొప్పది. ఆ బరువును మీరు రోజూ మోస్తారా లేదా అన్నదే ఇక్కడ చూసుకోవాల్సింది.

ఎత్తు మీద పనిచేసేవారికి ఇంకో ప్రమాదముంది. 20 మీటర్ల ఎత్తు నుంచి టూల్ చేజారితే నేలకు చేరేసరికి వేగం గంటకు దాదాపు 70 కిలోమీటర్లు. ఆ వేగంతో 335 గ్రాముల ఉక్కు కింద ఉన్నవారి మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. టవర్లు, స్తంభాలు, పైకప్పుల మీద పనిచేస్తుంటే టూల్‌కు తాడు కట్టుకునే రింగ్ ఉందో లేదో ముందు చూడండి. తాడు లేకుండా పైకి తీసుకెళ్లకండి.

‘అదనమా.. బదులా?’

షాపులో ఎవరూ అడగని ప్రశ్న ఇది. మీరు మాత్రం తప్పకుండా అడుక్కోవాలి. ఈ టూల్ వల్ల నా బ్యాగులోంచి ఏయే పనిముట్లు తగ్గుతాయి?

ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లేయర్, రెండు మూడు స్క్రూడ్రైవర్లు, చాకు, చిన్న రంపం, ఆకురాయి.. ఇవన్నీ కలిపితే సర్జ్ కంటే ఎక్కువే తూగుతాయి. వాటిని కింద వదిలి, మల్టీ టూల్ ఒక్కటే పట్టుకెళ్లగలిగితే 335 గ్రాములు మీకు బరువు కాదు, తేలికే. అదే మీ ఉద్యోగంలో ఇన్సులేటెడ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్లు తప్పనిసరి అయితే అవి ఎలాగూ వెంట ఉంటాయి. అప్పుడు మల్టీ టూల్‌లోని ప్లేయర్ రెండోదవుతుంది. దాన్ని మోయడం వృథా. అలాంటివారికి చాకు, కత్తెర, ఒక చిన్న స్క్రూడ్రైవర్ ఉన్న తేలికపాటిది చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

కాబట్టి టూల్ బరువొక్కటే చూడకండి. మీ ఒంటి మీదున్న మొత్తం బరువు పెరుగుతోందా, తగ్గుతోందా చూడండి.

ఈ పనులకు వాడొద్దు

* కరెంటు పని: చాలా మల్టీ టూల్స్ పిడి పూర్తిగా లోహమే. 230 వోల్టుల ఇంటి లైన్ అయినా సరే, సరఫరా ఉన్నచోట ఇది చేతిలో ఉండకూడదు. పిడికి ప్లాస్టిక్ తొడుగు కనిపించినంత మాత్రాన ఇన్సులేషన్ ఉన్నట్టు కాదు. జంట త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర ఉన్న పనిముట్లే వాడాలి. సోలార్‌లో మరీ జాగ్రత్త. ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్లలో విద్యుత్తు పుడుతూనే ఉంటుంది. పెద్ద ప్లాంట్ల స్ట్రింగుల్లో వోల్టేజీ 1000 దాటి 1500 దాకా కూడా ఉంటుంది.
* క్రింపింగ్: సోలార్ కనెక్టర్లు, నెట్‌వర్క్ కేబుళ్ల కొసలకు వాటికోసం చేసిన క్రింపింగ్ టూలే వాడాలి. ప్లేయర్‌తో నొక్కితే అప్పటికి నిలిచినా, తర్వాత వదులై వేడెక్కొచ్చు.
* సుత్తిలా కొట్టడం, సన్నకోల్లా ఎత్తడం: కీళ్లు వదులవుతాయి. చాకు మొన విరిగి ఎగిరితే కంటికే ప్రమాదం.
* లోతైన స్క్రూలు: మల్టీ టూల్ స్క్రూడ్రైవర్ పొట్టిది. పిడి మందంగా ఉండి పక్కల అడ్డుతగులుతుంది. స్విచ్ బాక్స్ లోపలి స్క్రూను అది అందుకోలేకపోవచ్చు.

ఎవరికి ఏది నప్పుతుంది?

సోలార్ ప్లాంట్ నిర్వహణ సిబ్బంది: కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. దాదాపు 5,900 ఎకరాల్లో విస్తరించి ఉంది. ఇలాంటి చోట వరుసల మధ్య నడుస్తుండగా వదులైన బోల్టు, తెగిన కేబుల్ టై, అడ్డొచ్చిన ముళ్లకంప కనిపిస్తే టూల్ బాక్స్ కోసం వెనక్కి నడవడం మాటలు కాదు. విద్యుత్తుతో సంబంధం లేని ఇలాంటి పనులకు బరువైన మల్టీ టూల్ సరిపోతుంది.

సీసీటీవీ, ఇంటర్నెట్ టెక్నీషియన్లు: క్రింపింగ్ టూల్, స్క్రూడ్రైవర్లు ఎలాగూ బ్యాగులో ఉంటాయి. నిచ్చెన మీద ఉండగా చప్పున అందుకోవడానికి 150 గ్రాముల లోపుది మేలు.

బోరు మోటార్లు, ట్రాక్టర్ల మరమ్మతు చేసేవారు: పొలం గట్టుదాకా బైకు వెళ్తే అసలు టూల్ కిట్టే మంచిది. నట్లు విప్పడానికి సరైన సైజు స్పానర్‌కు ఏదీ సాటిరాదు. ప్లేయర్‌తో తిప్పితే నట్టు అంచులు అరిగిపోతాయి.

ఆఫీసు, ల్యాబ్, సర్వర్ రూమ్ ఉద్యోగులు: బరువైనది అక్కర్లేదు. కత్తెర, చిన్న స్క్రూడ్రైవర్ బిట్లు ఉన్నది చూసుకోండి.

వారం రోజుల పరీక్ష

కొనే ముందు ఒక్క వారం ఆగండి. ఫోన్‌లో ఓ నోట్ తెరిచి, పనిలో చెయ్యి చాచిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి. ఏ పనిముట్టు కావాల్సి వచ్చింది? అప్పుడు టూల్ బాక్స్ ఎంత దూరంలో ఉంది? అది లేకపోతే పని ఆగిందా, కాస్త ఆలస్యమైందా?

వారం చివర జాబితా చూడండి. ఎక్కువసార్లు చాకు, కత్తెరే కనిపిస్తే తేలికపాటిది కొనండి. బాక్స్ దూరంగా ఉండగా ప్లేయర్, రంపం, ఆకురాయి పదేపదే అవసరమైతే బరువైనదానికి డబ్బు పెట్టొచ్చు. ప్రతిసారీ బాక్స్ పక్కనే ఉంటే.. మీకు మల్టీ టూలే అవసరం లేదు. ఆ డబ్బు మిగిలినట్టే!

షాపులో ఇవి చూడండి

* దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పెట్టండి. కొసల దగ్గర సందు కనిపిస్తే వద్దు.
* చాకు తెరిచి, వెనుక నుంచి నెమ్మదిగా ఒత్తండి. లాక్ కదలకూడదు. లాక్ జారితే తెగేది మీ వేళ్లే.
* గ్లవ్స్‌తో, ఒంటి చేత్తో తెరవగలరేమో చూడండి. నిచ్చెన మీద రెండో చెయ్యి ఖాళీగా ఉండదు.
* ఒక పరికరం లాగితే పక్కవీ వెంట వస్తున్నాయా? అలాగైతే పనిలో చిరాకే.
* పౌచ్‌తో సహా బెల్టుకు తగిలించి ఒకసారి కూర్చోండి, వంగండి.
* బిల్లు, వారంటీ అడగండి. లెదర్‌మ్యాన్ తన టూల్స్‌కు 25 ఏళ్ల వారంటీ ఇస్తుంది. నకిలీ సరుకుకు అది వర్తించదు. కాబట్టి అధీకృత డీలర్ దగ్గరే కొనండి.

కొన్నాక..

స్టెయిన్‌లెస్ స్టీల్ అంటే తుప్పు అసలు పట్టదని కాదు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి కీళ్ల దగ్గర మరకలు మొదలవుతాయి. వారానికోసారి మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కీళ్లలో ఒక్కో చుక్క నూనె వేయండి. విమాన ప్రయాణంలో క్యాబిన్ బ్యాగులో పెట్టుకుంటే భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు. చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి. మెట్రోల్లో, మాల్స్‌లోనూ చాకు ఉన్న టూల్‌ను ఆపొచ్చు. ఇంటర్వ్యూకో, పరీక్షకో వెళ్లేరోజు ఇంట్లోనే వదిలేయండి.

చివరిగా ఓ మాట. ఇప్పుడే ఉద్యోగంలో చేరుతుంటే ముందు విడివిడి పనిముట్లు కొనుక్కోండి. మంచి దేశీయ కంపెనీ కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్ సెట్, టెస్టర్, కట్టర్.. అన్నీ కలిపి రెండు వేల రూపాయల లోపే వస్తాయి. చెయ్యి తిరగడం వాటితోనే మొదలవుతుంది. ఆర్నెల్లు పనిచేశాక, ఏ పనిముట్టు కోసం ఎన్నిసార్లు కిందికి దిగి ఎక్కాల్సి వచ్చిందో మీ మోకాళ్లే చెబుతాయి. మల్టీ టూల్ కొనాలా, కొంటే ఎంత బరువున్నది కొనాలి అన్నది అప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.