ఆ లెక్క తెలుగులో చెప్పరా!

పోయిన సెమిస్టర్‌లో మాకు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో భాగంగా ఒక మాక్ టెస్ట్ పెట్టారు. 30 నిమిషాలు, 30 ప్రశ్నలు. అన్నీ ఆప్టిట్యూడ్, పజిల్స్. నాకు 19 వచ్చాయి. మా రూమ్మేట్‌కి 8. వాడిది శ్రీకాకుళం వైపు ఒక పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరాడు. సర్క్యూట్లు, మ్యాథ్స్ మా అందరికంటే వాడికే బాగా వచ్చు. అలాంటి వాడికి 8 రావడం నాకు వింతగా అనిపించింది.

ఆ రాత్రి మంచం మీద పడుకుని సీలింగ్ వైపు చూస్తూ అన్నాడు: "లెక్క చెయ్యడానికి కాదురా, చదవడానికే టైమైపోతంది. రెండుసార్లు చదివితే గానీ ఏటడుగుతున్నాడో తెలీదు."

కాసేపాగి, "ఒకటి తెలుగులో చెప్పు చూద్దాం" అన్నాడు.

పేపర్లో అన్నిటికంటే సులువైందని నేను అనుకున్న ప్రశ్న చెప్పడం మొదలుపెట్టాను. "ఒక పెన్ను, దాని క్యాపు కలిపి 110 రూపాయలు. పెన్ను 100 రూపాయలు... కాదు కాదు, క్యాపు కంటే పెన్ను 100 రూపాయలు ఎక్కువ. క్యాపు ఎంత?"

ఆ "కాదు కాదు" దగ్గరే నాకు గుండె ఝల్లుమంది. టెస్టులో నేను 10 అని పెట్టొచ్చాను. క్యాపు 10 అయితే పెన్ను 110, రెండూ కలిపి 120 అయిపోతుంది. ఇంగ్లిష్‌లో చదివినప్పుడు నా కళ్ళు "100 ఎక్కువ"ని "100"గా చదివేసుకుని ముందుకెళ్ళిపోయాయి. తెలుగులోకి మార్చి ఒకరికి చెప్పాల్సి వచ్చేసరికి తప్పు బయటపడింది.

వాడు పెన్నూ పేపరూ తీయలేదు. "ఆ ఎక్కువున్న వంద తీసి పక్కన పెట్టెయ్. మిగిలింది పది. ఇద్దరికీ సమానం. క్యాపు ఐదు" అన్నాడు. పది సెకన్లు కూడా పట్టలేదు.

తర్వాత వెతికితే తెలిసింది, ఇది బాగా పేరున్న ప్రశ్నే. షేన్ ఫ్రెడరిక్ అనే ప్రొఫెసర్ 2005లో బ్యాటూ బంతీ పేరుతో ఇలాంటి ప్రశ్నే ఒక చిన్న పరీక్షలో పెట్టాడు. అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు. మొదట తోచిన జవాబుని మనిషి ఆపుకుని మళ్ళీ చూస్తాడా లేదా అన్నదే ఆ పరీక్ష. నేను ఆపుకోలేదు. అంటే నాకొచ్చిన 19లో ఎన్ని తెలిసి పెట్టినవో నాకే అనుమానం వచ్చింది.

ఆ రోజు నుంచి మాకొక ఒప్పందం. రోజూ రాత్రి నేనొక పజిల్ తెలుగులో చెప్పాలి, వాడు చెయ్యాలి. అలా మూడు నెలల్లో నేను నేర్చుకున్నవే ఈ వ్యాసం.

ఒకటి: సొంత మాటల్లో చెప్పుకో

జార్జ్ పోల్యా అనే గణితవేత్త 1945లో 'హౌ టు సాల్వ్ ఇట్' అని ఒక పుస్తకం రాశాడు. లెక్క చెయ్యడానికి ఆయన నాలుగు మెట్లు చెప్తాడు: అర్థం చేసుకో, ప్లాన్ వెయ్యి, ప్లాన్ ప్రకారం చెయ్యి, వెనక్కి తిరిగి చూడు. మనలో చాలామందిమి మొదటి మెట్టు ఎక్కకుండానే మూడో మెట్టు మీదకి దూకుతాం. ప్రశ్నని సొంత మాటల్లో తిరిగి చెప్పగలిగితే మొదటి మెట్టు ఎక్కినట్టే.

వాళ్ళ నానమ్మ అడిగేదని వాడు నాకొక లెక్క చెప్పాడు. మీలో చాలామంది చిన్నప్పుడు వినే ఉంటారు. కొన్ని చెట్లు, కొన్ని పిట్టలు. చెట్టుకొక పిట్ట వాలితే ఒక పిట్ట మిగిలిపోతుంది. చెట్టుకి రెండేసి వాలితే ఒక చెట్టు మిగిలిపోతుంది. చెట్లెన్ని? పిట్టలెన్ని?

నేను వెంటనే రెండు సమీకరణాలు రాశాను. జవాబు వచ్చింది: 3 చెట్లు, 4 పిట్టలు. వాడు మాత్రం పిట్టల్నే కదిపాడు. "మొదట చెట్టుకొకటి కూర్చున్నాయి, ఒకటి బయట ఉంది. ఇప్పుడు ఒక చెట్టు ఖాళీ చేయించు. దాని మీది పిట్టా, బయట పిట్టా రెండయ్యాయి. ఈ రెండూ వెళ్ళి మిగతా చెట్ల మీద జతగా కూర్చోవాలి. అంటే మిగతా చెట్లు రెండే." ఖాళీ చెట్టుతో కలిపి మూడు. సమీకరణం నాకు జవాబు ఇచ్చింది గానీ అక్కడ ఏం జరుగుతోందో నేను చూడలేదు. వాడు చూశాడు.

రెండు: చివరి నుంచి వెనక్కి రా

ఇంకో పాత లెక్క. ఒక భక్తుడు కొన్ని పూలు తీసుకుని బయల్దేరాడు. దారిలో మూడు గుళ్ళు. ప్రతి గుడి ముందూ ఒక కోనేరు. అందులో ముంచితే పూలు రెట్టింపవుతాయి. ప్రతి గుడిలోనూ ఒకే లెక్కన పూలు పెట్టాడు. మూడో గుడి దాటేసరికి చేతిలో ఒక్క పువ్వూ లేదు. ఎన్ని పూలతో బయల్దేరాడు?

ముందు నుంచి వెళ్తే తెలియనివి రెండు: తెచ్చిన పూలు, పెట్టిన పూలు. చివర్లో మాత్రం తెలిసింది ఒకటుంది: సున్నా. అందుకే అక్కడి నుంచి వెనక్కి నడవాలి. ఒక గుడిలో పెట్టినదాన్ని 'ఒక వాటా' అనుకుందాం. మూడో గుడిలో పెట్టకముందు చేతిలో ఒక వాటా ఉండాలి. కోనేట్లో ముంచకముందు అర వాటా. అంటే రెండో గుడిలో పెట్టకముందు ఒకటిన్నర, ముంచకముందు ముప్పావు. మొదటి గుడిలో పెట్టకముందు ఒకటీ ముప్పావు, ముంచకముందు అందులో సగం, అంటే ఎనిమిదింట ఏడు వంతులు. పువ్వుని ముక్కలు చెయ్యలేం కాబట్టి వాటా కనీసం 8 పూలు ఉండాలి. అప్పుడు తెచ్చినవి 7. సరిచూడండి: 7, 14, 8 పెడితే 6. 12, 8 పెడితే 4. 8, 8 పెడితే సున్నా.

మనం డీబగ్ చేసేటప్పుడు చేసేదీ ఇదే కదా. తప్పు అవుట్‌పుట్ ఎక్కడ కనిపించిందో అక్కడి నుంచి వెనక్కి వెళ్తాం.

మూడు: చిన్నది చేసి చూడు

చదరంగం గళ్ళ కథ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, అలా 64 గళ్ళూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని?

64 గళ్ళు పెద్దవి. ముందు రెండు గళ్ళు చూడండి: 3. మూడు గళ్ళు: 7. నాలుగు: 15. ఎప్పుడూ తర్వాతి గడిలో పెట్టాల్సిన గింజల కంటే ఒకటి తక్కువ. ఎందుకో తెలియాలంటే పక్కింటి నుంచి ఒక గింజ అప్పు తెచ్చుకోండి. ఆ గింజా, మొదటి గడిలోదీ కలిపితే 2. దానికి రెండో గడిలోని 2 కలిపితే 4. దానికి మూడో గడిలోని 4 కలిపితే 8. ఇలా పోతే చివరికి 65వ గడిలో పెట్టాల్సినన్ని గింజలు అవుతాయి. అప్పు తీర్చేస్తే జవాబు: 18446744073709551615.

సీ లాంగ్వేజ్ చదివిన వాళ్ళు ఈ అంకెని చూడగానే గుర్తుపడతారు. 64 బిట్ల అన్‌సైన్డ్ ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. ఒక్కో గడి ఒక్కో బిట్టు. అన్ని బిట్లూ 1 అయితే వచ్చేది ఇది.

నాకు సిగ్గేసిన విషయం ఇంకోటి ఉంది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన అనే తెలుగు కవి, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులో పద్యాలుగా రాశాడు. ఈ ఇరవై అంకెల సంఖ్యని ఒకే ఒక్క పద్యంలో ఇమిడ్చిన పద్యం ఆయన పేరు మీదే ప్రసిద్ధి. అంకెలకి బదులు అందులో మాటలుంటాయి. మన్మథుడికి అయిదు బాణాలు కాబట్టి బాణం అంటే 5, చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశం అంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి. ఆ పద్యం మా రూమ్మేట్‌కి కంఠతా వచ్చు. వాడు ఒక్కో మాట చెప్తుంటే నేను ఒక్కో అంకె రాశాను. చివరికి నా ల్యాప్‌టాప్‌లో ప్రింటైన సంఖ్యే కాగితం మీద వచ్చింది. అప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాం.

నాలుగు: కోడ్ జవాబు చెప్తుంది, కారణం చెప్పదు

1914 డిసెంబర్‌లో లండన్ నుంచి వచ్చే 'స్ట్రాండ్' పత్రికలో ఒక పజిల్ పడింది. కేంబ్రిడ్జ్‌లో ఉన్న మహలనోబిస్ దాన్ని రామానుజన్‌కి చదివి వినిపించాడు. అప్పుడు రామానుజన్ పొయ్యి దగ్గర కూర వండుకుంటున్నాడు. పజిల్ ఇది: ఒక వీధిలో ఇళ్ళకి 1, 2, 3 అని వరసగా నంబర్లు. ఒకాయన ఇంటికి ఇటుపక్క ఇళ్ళ నంబర్లన్నీ కూడితే ఎంతో, అటుపక్క ఇళ్ళవి కూడినా అంతే. ఇళ్ళు 50కి పైన, 500 లోపు. ఆయన ఇంటి నంబరెంత?

నేను రెండు లూపులు రాశాను. రెప్పపాటులో వచ్చింది: 288 ఇళ్ళు, నంబరు 204. గర్వంగా చూపించాను. వాడు "ఎందుకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చిన్న వీధి తీసుకున్నాం. 8 ఇళ్ళుంటే ఆయనది 6. ఇటు 1 నుంచి 5 దాకా కూడితే 15, అటు 7, 8 కూడితే 15. మొత్తం 15, 15, 6 కలిపి 36. అంటే 6×6! ఇది కాకతాళీయం కాదు. 1 నుంచి 5 దాకా మొత్తానికి రెట్టింపు 5×6. దానికి ఇంకో 6 కలిపితే 6×6. అంటే వీధిలోని నంబర్లన్నీ కూడితే, ఆయన ఇంటి నంబరు వర్గం వస్తుంది. ఇప్పుడు ప్రశ్నే మారిపోయింది: 1 నుంచి వరసగా కూడుకుంటూ పోతే ఎక్కడెక్కడ వర్గ సంఖ్య వస్తుంది?

49 దాకా కూడితే 1225, అది 35×35. 288 దాకా కూడితే 41616, అది 204×204. ఇంటి నంబర్లు వరసగా 1, 6, 35, 204. ప్రతిదీ దాని ముందుదానికి ఆరు రెట్లలోంచి అంతకు ముందుది తీసేస్తే వస్తుంది. 6×35 = 210, అందులో 6 తీస్తే 204. నాకు ఆరోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి సమీకరణాల మీద బ్రహ్మగుప్తుడు 628లోనే పని చేశాడు. భాస్కరాచార్యుడు వివరించిన చక్రవాల పద్ధతి కూడా వీటి కోసమే. రామానుజన్ అయితే కూర కలుపుతూనే ఒక కంటిన్యూడ్ ఫ్రాక్షన్ చెప్పాడట. అందులో ఈ ఒక్క వీధే కాదు, ఇలాంటి వీధులన్నీ ఉన్నాయి.

అయిదు: మారనిది ఏదో వెతుకు

చదరంగం బోర్డు మీద ఎదురెదురు మూలల్లో రెండు గళ్ళు కత్తిరించేశాం. 62 మిగిలాయి. ఒక్కోటి రెండు గళ్ళు కప్పే బిళ్ళలు 31 ఉన్నాయి. మొత్తం కప్పగలమా? పెట్టి చూస్తూ పోతే తెల్లారిపోతుంది. రంగులు చూడండి. బిళ్ళ ఎలా పెట్టినా ఒక తెల్ల గడినీ, ఒక నల్ల గడినీ కప్పుతుంది. కానీ ఎదురెదురు మూలలు రెండూ ఒకే రంగు. మిగిలినవి ఒక రంగువి 32, ఇంకో రంగువి 30. కప్పలేం. అంతే. కుదరదని చెప్పడానికి కూడా ఒక లెక్క ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ నెల మళ్ళీ మాక్ టెస్ట్ జరిగింది. నాకు 22, వాడికి 18. ఇప్పుడు వాడు రఫ్ పేపర్ అంచున ప్రతి ప్రశ్ననీ ముందు తెలుగులో ఒక్క లైను రాసుకుంటున్నాడు. దానికి కొంత టైమ్ పోతుంది. అసలు పరీక్ష కూడా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, పక్కన చెప్పడానికి నేను ఉండను. ఆ 8 చూసి వాడికి లెక్కలు రావని ఎవరైనా అనుకుని ఉంటారు. నాకొచ్చిన 19 చూసి నాకు బాగా వచ్చనీ అనుకుని ఉంటారు. రెండూ తప్పే. నేను కూడా ఇప్పుడు తెలుగులోనే రాసుకుంటున్నాను. చాలాసార్లు మాట దొరకదు, వాడినే అడుగుతాను. మాట దొరకలేదంటే చాలాసార్లు ప్రశ్న అర్థం కాలేదనే.

వెళ్ళే ముందు మీకొకటి. చూడ్డానికి ఒకేలా ఉన్న ఎనిమిది నాణేలున్నాయి. వాటిలో ఒకటి మాత్రం కాస్త బరువెక్కువ. తూకపురాళ్ళు లేని త్రాసు ఒకటుంది. రెండే రెండు తూకాల్లో ఆ నాణేన్ని పట్టుకోవాలి. సెర్చ్ చెయ్యొద్దు. ముందు ఇంటికి ఫోన్ చేసి అమ్మకో తాతయ్యకో మీ మాటల్లో చెప్పండి. మీ కంటే ముందు వాళ్ళే చెప్పేస్తే, ఎలా చేశారో వచ్చే క్లబ్ మీటింగ్‌లో మాకూ చెప్పండి.